రూపాయి పరువు, బైలదిల్లా లెక్క

2025 డిసెంబరు మొదటి వారంలో డాలరు 90 రూపాయలు దాటింది. ఆ సాయంత్రమే మా వియ్యంకుడు గారు విజయనగరం నుంచి వాట్సాప్‌లో ఒక సందేశం పంపారు. దాని సారాంశం ఇదీ: 1947 ఆగస్టు 15న ఒక రూపాయి ఒక డాలరుతో సమానం, ఇవాళ 90, దేశం పరువు గంగలో కలిసింది, సిగ్గున్న ప్రతి భారతీయుడూ దీన్ని పదిమందికి పంపాలి.

మా వియ్యంకుడు గారు ఆషామాషీ మనిషి కాదు. ముప్పై ఏళ్లుగా మన సంఘం సభ్యుడు. మా పిల్లల పెళ్లి ముహూర్తం లేకుండా, పంతులు లేకుండా, అదీ ఆషాఢ మాసంలో, ఆయనా నేనూ దగ్గరుండి జరిపించాం. పదమూడు మందికి కార్డులు రాయకపోతే ఇంట్లో కీడు జరుగుతుందని దేవుడి పేరు మీద ఉత్తరాలు వచ్చే రోజుల్లో వాటిని చింపి పొయ్యిలో పెట్టిన మనిషి. అలాంటాయన ఈ కార్డుని మాత్రం పొయ్యిలో పెట్టలేదు. నాకు పంపారు.

ఫోన్ చేశాను. "బావగారూ, ఈ 1947 లెక్క ఎక్కడిదండీ?"

"ఎక్కడిదైతే ఏముంది బావగారూ. నిజమే కదా!"

ఈ వ్యాసం ఆ "నిజమే కదా"కి నా జవాబు. నేను ఆర్థికవేత్తని కాను. చదివింది బి.కాం. చేసింది రక్షణ శాఖ ఖాతాల్లో ఉద్యోగం. రిటైరయ్యాక బ్యాంకు ఉద్యోగి అయిన మా అబ్బాయి దగ్గర బస్తర్‌లోని జగదల్‌పూర్‌లో ఉంటున్నాను. వోచరు లేని ఖర్చుని ఒప్పుకోకపోవడం ఒక్కటే నాకు వచ్చిన విద్య. హేతువాదం అంటే కూడా అంతకన్నా పెద్దగా ఏమీ లేదని నా అభిప్రాయం.

ముందు 1947 సంగతి

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన రూపాయి పౌనుకి కట్టేసి ఉంది. రూపాయి అంటే ఒక షిల్లింగు ఆరు పెన్నీలు, అంటే 18 పెన్నీలు. పౌనుకి 240 పెన్నీలు. 240ని 18తో భాగించండి. పౌనుకి 13 రూపాయల 33 పైసలు. ఆ రోజుల్లో పౌనుకి 4 డాలర్ల 3 సెంట్లు. 13.33ని 4.03తో భాగిస్తే 3.31. అంటే 1947లో డాలరుకి సుమారు 3 రూపాయల 30 పైసలు. ఒకటికి ఒకటి కాదు.

1949 సెప్టెంబరులో బ్రిటన్ తన పౌను విలువని 4.03 డాలర్ల నుంచి 2.80కి తగ్గించింది. మనమూ దానితోపాటే దిగాం. 13.33ని 2.80తో భాగించండి, 4.76 వస్తుంది. 1966 జూన్ 6 దాకా అదే రేటు. ఆ రోజు ఇందిరా గాంధీ ప్రభుత్వం దాన్ని 7.50 చేసింది. ఈ లెక్కకి ఆర్థికశాస్త్రం అక్కర్లేదు, ఆరో తరగతి భాగహారం చాలు. అయినా ఏటా ఆగస్టు 15కి ఈ అబద్ధం ఊరేగింపుకి బయలుదేరుతూనే ఉంటుంది. మన సభ్యులు కూడా కొందరు పల్లకీ మోస్తారు.

అంకెకి దండం పెట్టడం

ఆ అంకె నిజమే అయినా దాన్నిబట్టి పరువు ఎలా కొలుస్తారు? డాలరుకి దక్షిణ కొరియా కరెన్సీ వాన్లు వెయ్యికి పైగా వస్తాయి. మనకి తొంభై. అంటే కొరియా మనకన్నా పదిరెట్లు పరువు తక్కువ దేశమా? వాళ్ల టీవీ చూస్తూ, వాళ్ల కారులో తిరుగుతూ ఈ మాట అనగలమా? కువైట్ దినారు ఒక్కటి ఇస్తే మూడు డాలర్ల పైన వస్తుంది. కువైట్ అమెరికాకి మూడింతల దేశమా? జపాన్ యెన్ 1971 దాకా డాలరుకి 360. ఆ 360 రేటు మీదనే జపాన్ యుద్ధపు బూడిదలోంచి లేచి ప్రపంచానికి ఉక్కూ ఓడలూ కార్లూ అమ్మింది.

నోటు మీది అంకె ఎంత పెద్దది, ఎంత చిన్నది అనేది చరిత్రలో ఎప్పుడో పెట్టుకున్న కొలబద్ద. అందులో పవిత్రత లేదు. కానీ పవిత్రత ఉందని నమ్మే పెద్దలకి కొదవ లేదు. 2020 జనవరిలో సుబ్రమణ్యస్వామి గారు ఇండోనేసియా నోటు మీద వినాయకుడున్న సంగతి ఎత్తి, మన నోటు మీద లక్ష్మీదేవి బొమ్మ వేస్తే రూపాయి పరిస్థితి బాగుపడవచ్చన్నారు. 2022 అక్టోబరులో అరవింద్ కేజ్రీవాల్ గారు లక్ష్మినీ వినాయకుడినీ ఇద్దర్నీ వెయ్యమన్నారు. పార్టీలు వేరు, పూజ ఒకటే.

ఇండోనేసియా సంగతి చూద్దాం. వినాయకుడి బొమ్మ ఉన్న 20,000 రుపయాల నోటు 1998లో వచ్చింది. 1997 మధ్యలో డాలరుకి 2,400 చిల్లరగా ఉన్న రుపయా 1998లో పది వేలు దాటి కుప్పకూలింది. ఆ నోటు తర్వాత చలామణీ నుంచి వెళ్లిపోయింది. ఇప్పుడు డాలరుకి 16,000 పైమాటే. విఘ్నేశ్వరుడు ఆ విఘ్నాన్ని ఆపలేదు. వెయ్యక ముందు పడింది, వేశాకా లేవలేదు. ఇంతకన్నా శుభ్రమైన ప్రయోగం మనకి ఎవరు చేసిపెడతారు?

మన సభ్యులు ఈ లక్ష్మీదేవి మాటకి నవ్వుతారు. నవ్వాల్సిందే. కానీ "రూపాయి పడింది, పరువు పోయింది" అన్నప్పుడు చేస్తున్నదీ అదే పని. బొమ్మ బదులు అంకెకి దండం పెడుతున్నారు, అంతే తేడా.

ఉప్పుకి సారపప్పు

మారకం రేటు అంటే ఏమిటో నాకు బి.కాం. పుస్తకాలు సరిగ్గా చెప్పలేదు. బస్తర్ సంత చెప్పింది.

ఇక్కడి అడవుల్లో సారపప్పు దొరుకుతుంది. పాయసంలో వేస్తాం, మిఠాయిల మీద చల్లుతాం. పట్నంలో దాని ధర జీడిపప్పుకి ఏమీ తీసిపోదు. అడవిలో ఉప్పు దొరకదు. పాత రోజుల్లో బయటి వ్యాపారులు సంతకి ఉప్పు బస్తాలు తెచ్చి, సోలెడు ఉప్పుకి సోలెడు సారపప్పు కొలిపించుకుని పోయేవారు. ఇక్కడ ఏ పాతకాపునడిగినా చెబుతాడు. ఒకటికి ఒకటి! మా వియ్యంకుడు గారు కలలుగనే సమాన మారకం రేటు అదే. అందులో ఎవరి పరువు నిలిచింది?

ఆ రేటుని ఏ రిజర్వు బ్యాంకూ నిర్ణయించలేదు. ఉప్పు లేకుండా బతకలేని వాడొకడు, సారపప్పు లేకపోయినా హాయిగా బతికే వాడొకడు. రేటు అక్కడ పుట్టింది. పైగా సారపప్పు పట్నంలో ఎంతకి పోతుందో ఒకడికి తెలుసు, ఇంకొకడికి తెలియదు.

ప్రపంచంలో డాలరు అంటే ఉప్పు. చమురు కావాలన్నా, ఎరువు కావాలన్నా, యంత్రం కావాలన్నా అది చేతిలో ఉండాలి. కాబట్టి అడగాల్సింది రేటు ఎంత అని మాత్రమే కాదు. ఉప్పు సంచీ ఎవరి దగ్గరుంది? సారపప్పు ఎవరు ఏరారు? పట్నంలో అమ్మిన లాభం ఎవరి ఇంటికి చేరింది? రేటు గురించి గుండెలు బాదుకునేవాళ్లు ఈ మూడు ప్రశ్నలూ అడగరు.

కొండ లెక్క

ఈ మూడు ప్రశ్నల్ని పరీక్షించడానికి మాకు ఇక్కడ ఒక కొండ ఉంది. బైలదిల్లా. ఎద్దు మూపురంలా ఉంటుందని ఆ పేరు. దంతెవాడ జిల్లాలో కిరందుల్, బచేలి ఊళ్ల మీద నిలబడి ఉంటుంది. దేశంలో అతి మేలు రకం ఇనుప ఖనిజం అక్కడిదే.

1960లో జపాన్ ఉక్కు కంపెనీలతో మన దేశం ఒప్పందం చేసుకుంది. బైలదిల్లా నుంచి ఏటా 40 లక్షల టన్నులు. దేశానికి అప్పుడు విదేశీ మారక ద్రవ్యం కటకట. ఉప్పు కావాలి, సారపప్పు ఉంది. కొత్తవలస నుంచి కిరందుల్ దాకా తూర్పు కనుమల్ని తొలుచుకుంటూ సుమారు 450 కిలోమీటర్ల రైలు మార్గం వేశారు. మనం అరకు లోయ అందాలు చూడటానికి ఎక్కే రైలు ఈ మార్గం మీదిదే. అది యాత్రికుల కోసం వేసింది కాదు, ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపడానికి వేసింది. 1968లో కిరందుల్ గని మొదలైంది. పెద్ద ఓడలు రావడానికి 1976లో విశాఖకి ఔటర్ హార్బర్ వచ్చింది. తవ్వింది ఎన్‌ఎండీసీ. దాని కేంద్ర కార్యాలయం మన హైదరాబాదులో ఉంది.

ఒప్పందం నాటికి డాలరు 4.76 రూపాయలు. మొదటి రైలు కొండ దిగేనాటికి 7.50. అంటే రూపాయి పరువు పోయిందని పత్రికలు ఏడ్చిన ఆ విలువ తగ్గింపు వల్ల, కొండ నుంచి దిగే ప్రతి డాలరుకీ రూపాయల్లో సుమారు 57 శాతం ఎక్కువ వచ్చింది. పడిపోయిన రూపాయి అమ్మేవాడికి లాభం. సరే, ఆ లాభంలో కొండకి ఎంత?

ఇక్కడే నా ఆడిట్ పెన్సిలు ఆగింది. గని ఉన్న రాష్ట్రానికి దక్కేది రాయల్టీ. అది ఎంతో 1957 గనుల చట్టం రెండో షెడ్యూల్లో కేంద్రం నిర్ణయిస్తుంది. 2009 ఆగస్టు దాకా, అంతకుముందు చాలా ఏళ్లుగా, ఇనుప ఖనిజానికి ఆ రాయల్టీ ధరలో శాతం కాదు. టన్నుకి ఇన్ని రూపాయలు, అంతే. 2004లో ఖరారు చేసిన రేటు ప్రకారం అతి మేలు రకం గడ్డ ఖనిజానికి టన్నుకి 27 రూపాయలు. నాసి రకాలకి ఇంకా తక్కువ. పైగా మూడేళ్లకొకసారికి మించి పెంచకూడదని చట్టమే కట్టడి చేసింది.

ఇప్పుడు లెక్క చూడండి. 2008 మొదట్లో డాలరు సుమారు 39 రూపాయలు. 2009 మార్చికి 51 దాటింది. లెక్క తేలిగ్గా ఉండటానికి టన్ను ఖనిజం 60 డాలర్లనీ, ఆ ధర మారలేదనీ అనుకుందాం. 39 రేటుకి 2,340 రూపాయలు. 51 రేటుకి 3,060 రూపాయలు. కంపెనీకి టన్నుకి 720 రూపాయలు కలిసొచ్చింది. రాయల్టీ? మొదట 27. తర్వాతా 27. శాతంలో చూస్తే నూటికి ఒకటింబాతిక కూడా లేనిది, ఒకటి కన్నా కిందికి దిగింది.

ఇక ఆ ఏడాది రూపాయి పడినందుకు బస్తర్ పల్లెలో ఏం జరిగి ఉంటుంది? మన చమురులో అత్యధిక భాగం బయటి నుంచి కొనేదే. రూపాయి పడితే డీజిలు మీద భారం, లారీ కిరాయి మీద భారం, ఆఖరికి సంతకి వచ్చే ఉప్పు మీద కూడా భారం. నష్టం కొండ ఎక్కి మరీ ఇంటింటికీ వస్తుంది. లాభం మాత్రం రైలెక్కి దిగిపోతుంది. దీనికి కారణం రూపాయి బలహీనత కాదు. షెడ్యూల్లో రాసిన ఒక్క వాక్యం.

ఆ వాక్యం మారింది కూడా. 2009 ఆగస్టులో రాయల్టీ ధరలో 10 శాతం అయింది. 2014లో 15 శాతం అయింది. 2015లో చట్టం సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. పాత లీజుల మీద రాయల్టీకి అదనంగా మరో 30 శాతం ఆ నిధికి కట్టాలి. నా ఉదాహరణలోని 60 డాలర్ల టన్నుకే ఇప్పటి 90 రేటు కట్టి చూస్తే, 5,400 రూపాయల్లో 15 శాతం 810 రూపాయలు. ఇరవై ఏడు ఎక్కడ, ఎనిమిది వందల పది ఎక్కడ! లక్ష్మీదేవి బొమ్మ వల్ల కాదు, రూపాయి బలపడినందువల్ల కాదు, గెజిట్లో అచ్చయిన ఒక కాగితం వల్ల. దానికోసం రూపాయి పరువు భక్తులు ఒక్కరోజైనా ధర్నా చేశారా? వాళ్లలో ఎంతమందికి రెండో షెడ్యూలు అనేది ఒకటుందని తెలుసు?

810 రూపాయలు రాయ్‌పూర్ చేరాక, జిల్లా నిధి ఖర్చయ్యాక, కిరందుల్ కింద పల్లెకి నీళ్లు వచ్చాయా అన్నది ఇంకో ఆడిట్. గనుల మట్టి కడిగిన నీళ్లు కలిసి శంకినీ నది ఎర్రబారింది. నేను ఆ ఒడ్డున నిలబడి చూశాను. ఆ నీటికి మారకం రేటు ఏ బోర్డు మీదా రాసి లేదు.

యెన్ చెప్పిన పాఠం, రూబుల్ చెప్పిన పాఠం

జపాన్ ప్రభుత్వం ప్రపంచంలో మొట్టమొదట యెన్ రుణం ఇచ్చింది మన దేశానికే, 1958లో. 1,800 కోట్ల యెన్లు. 360 రేటుకి 5 కోట్ల డాలర్లు. తర్వాత ఏళ్లలో ఇంకా తీసుకున్నాం. ఖనిజం అమ్మింది డాలర్లలో. అప్పు తీర్చాల్సింది యెన్లలో. 1985 సెప్టెంబరు 22న న్యూయార్క్‌లోని ప్లాజా హోటల్లో ఐదు ధనిక దేశాల ఆర్థిక మంత్రులు కూర్చుని డాలరుని దించాలని నిర్ణయించారు. అప్పటికి డాలరుకి 240 యెన్లు. 1987 చివరికి 120 చిల్లర. అంటే ఒక యెన్ అప్పు తీర్చడానికి రెండింతల డాలర్లు కావాలి. మన ఖనిజం మారలేదు, మన కూలీ చెమట మారలేదు. ఎక్కడో హోటల్లో చేసిన సంతకం మారింది. ప్రపంచ రాజకీయం అంటే జ్యోతిషం కాదు, గ్రహాలకి మన లెక్క తెలియదు. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లకి ఎవరి లెక్క ఏమిటో బాగా తెలుసు.

రూబుల్ సంగతి నా కళ్లముందు జరిగింది. మన యుద్ధ విమానాలు, ట్యాంకులు, ఓడలు చాలావరకు సోవియట్ రుణం మీద వచ్చినవే. ఆ బాకీ మనం రూపాయల్లో చెల్లిస్తే, ఆ రూపాయలతో వాళ్లు మన తేయాకు, పొగాకు, మందులు కొనేవాళ్లు. గుంటూరు, ప్రకాశం జిల్లాల వర్జీనియా పొగాకుకి వాళ్లు పెద్ద గిరాకీ. డాలరు లేని స్నేహం అని మా ఆఫీసులో అందరం గర్వంగా చెప్పుకునేవాళ్లం.

1991లో ఆ దేశమే లేకుండా పోయింది. అప్పు మాత్రం మిగిలింది. 1993 జనవరి నాటికి బజారులో డాలరుకి 400 రూబుళ్లు దాటాయి. ఆ లెక్కన ఒక రూబులు పది పైసలు కూడా చెయ్యదు. కాని అదే నెలలో యెల్త్సిన్ ఢిల్లీ వచ్చినప్పుడు కుదిరిన ఒప్పందం ప్రకారం, బాకీలో పెద్ద భాగాన్ని రూబులుకి సుమారు 19 రూపాయల 90 పైసల చొప్పున కట్టి, 12 ఏళ్లలో వడ్డీతో తీర్చాలి. మిగిలింది వడ్డీ లేకుండా 45 ఏళ్లలో. విడిభాగాలు ఆగిపోతే విమానాలు నేలమీదే ఉంటాయి గనుక మనకి బేరమాడే సత్తా అంత లేదు. అది అన్యాయమని నేను అనడం లేదు. తక్కువ వడ్డీకి తీసుకున్న సరుకు వాడుకున్నాం, తీర్చాం. నేను అనేదల్లా, స్నేహం అనే మాట ఏ లెడ్జర్లోనూ జమ కాదు. అక్కడా ఉప్పు సంచీ ఎవరి దగ్గరుందన్నదే రేటు.

కాబట్టి 2022 జులైలో రిజర్వు బ్యాంకు విదేశీ వ్యాపారాన్ని రూపాయల్లో జరుపుకోవడానికి వీలు కల్పించినప్పుడు, ఇక డాలరు పని అయిపోయిందని పండగ చేసుకున్న మిత్రులకి నేను ఆగమని చెప్పాను. 2023 మేలో గోవా వచ్చిన రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్ ఏమన్నారు? మన బ్యాంకుల్లో కోట్లాది రూపాయలు పోగుపడ్డాయి, వాటిని వాడుకోవాలంటే వేరే కరెన్సీలోకి మార్చుకోవాలి అన్నారు. మనం వాళ్ల దగ్గర చమురు బోలెడు కొన్నాం. మన దగ్గర వాళ్లకి కొనడానికి అంత సరుకు లేదు. దేశభక్తితో రూపాయి చెల్లదు, సరుకుతో చెల్లుతుంది.

"అయితే మీరేమంటారు?"

ఇక్కడికొచ్చేసరికి మా వియ్యంకుడు గారు అడ్డం పడ్డారు. "రూపాయి పడితే మంచిదంటారా? డాలరు పెత్తనం అబద్ధమంటారా?"

రెండూ అనను. రూపాయి వేగంగా పడితే దిగుమతి సరుకు కొనే పేదవాడికి దెబ్బ. అది వాస్తవం, కొలవగలిగిన వాస్తవం. డాలరు ఆయుధం అన్నదీ వాస్తవం. 2022 ఫిబ్రవరిలో రష్యా కేంద్ర బ్యాంకు నిల్వల్లో సుమారు 30,000 కోట్ల డాలర్ల విలువైన వాటిని పాశ్చాత్య దేశాలు కట్టేశాయి. 2025 ఆగస్టులో రష్యా చమురు కొంటున్నామనే కారణం చూపి అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చింది. అదే ఏడాది జూన్‌లో ఉక్కు మీద దాదాపు అన్ని దేశాలకీ 50 శాతం చేసింది. చైనా ఉక్కు మన మీద పడకుండా ఏప్రిల్‌లో మనం 12 శాతం రక్షణ సుంకం వేశాం. ఇవి మాకు ఎక్కడో జరిగే సంగతులు కావు. జగదల్‌పూర్‌కి కూతవేటు దూరంలో నగర్నార్‌లో ఏటా 30 లక్షల టన్నుల ఉక్కు కర్మాగారం 2023లో మొదలైంది. బైలదిల్లా రాయి విశాఖ దాటకుండా బస్తర్‌లోనే ఉక్కు కావాలని ఇక్కడివాళ్లు దశాబ్దాలు ఎదురుచూశారు. ఆ కొలిమి మండాలో ఆరాలో బీజింగ్, వాషింగ్టన్ తగాదా కూడా కొంత నిర్ణయిస్తుంది.

నేను తిరస్కరించేది భయాన్ని కాదు, పూజని. జ్వరం వచ్చినవాడికి జ్వరం లేదని ఏ హేతువాదీ అనడు. జ్వరం దేనివల్ల, మందు ఏది, ఆ మందుకి ఆధారం ఏది అని అడుగుతాడు. రూపాయి విషయంలో కూడా అదే అడగమంటున్నాను. ఏ వస్తువు దిగుమతి ఎంత పెరిగింది? ఎవరు అమ్మారు? ఎవరు లాభపడ్డారు? ఆ లాభంలో కొండ కింద ఉన్నవాడి వాటా ఎక్కడ, ఏ కాగితంలో రాసి ఉంది?

నందరాజ్ కొండ

చివరిగా మన సంఘం సభ్యులతో ఒక పేచీ.

2019 జూన్‌లో కిరందుల్ దగ్గర వేలమంది ఆదివాసులు వారం రోజుల పాటు ఎన్‌ఎండీసీ ఆఫీసు ముందు కూర్చున్నారు. బైలదిల్లాలో 13వ నిక్షేపం తవ్వే పని అదానీ కంపెనీకి ఇచ్చారు. ఆ కొండ తమ దేవుడు నందరాజ్‌ది అని వాళ్లన్నారు. అప్పట్లో మన మిత్రుడొకాయన నాతో నవ్వుతూ అన్నాడు: "కొండకి మొక్కే మూఢనమ్మకం కోసం దేశానికి వచ్చే డాలర్లు వదులుకోవాలా?"

నందరాజ్ ఉన్నాడని నేనూ నమ్మను. ఆ మాట వాళ్ల ముందే అన్నాను, ఎవరూ నన్ను కొట్టలేదు. కాని వాళ్లు దేవుడి గురించి మాత్రమే మాట్లాడలేదు. 2014లో గ్రామసభ ఒప్పుకుందని చూపిస్తున్న తీర్మానం నకిలీదని, అలాంటి సభే జరగలేదని అన్నారు. సంతకాలు ఎవరివో చూపించమన్నారు. ప్రభుత్వం చెట్లు కొట్టడం ఆపి విచారణకి ఒప్పుకోవాల్సి వచ్చింది.

చదువుకున్న మన మిత్రుడు "దేశానికి డాలర్లు" అన్న మాటకి ఒక్క కాగితం అడగలేదు. ఎన్ని డాలర్లు, ఎవరి ఖాతాలో, ఎవరి వాటా ఎంత అనలేదు. కొండకి మొక్కే మనిషి మాత్రం సంతకం చూపించు అన్నాడు. నా ఉద్యోగం అంతా నేను చేసిన పని అదే. ఆ రోజు కిరందుల్‌లో ఎవరు హేతువాది? మూఢనమ్మకం ఎవరిది?

డాక్టర్ అబ్రహాం కోవూరు గారు అద్భుతాలు చేసి చూపిస్తే లక్ష రూపాయలిస్తానని ప్రకటించారు. అది శ్రీలంక రూపాయల్లో అని చాలామందికి తెలియదు. ఆ లక్షని ఆయన ఎవరికీ ఇవ్వాల్సి రాలేదు, కనుక మారకం రేటు అవసరం పడలేదు. నేను పెన్షనర్ని, లక్షలు లేవు. కాని 1947 ఆగస్టు 15న డాలరు ఒక రూపాయి అని నిరూపించే ప్రామాణిక పత్రం ఏదైనా, అప్పటి బ్యాంకు రేట్ల పట్టీ అయినా సరే, తెచ్చి చూపించినవాళ్లకి నా ఒక నెల పెన్షను ఇస్తాను. వాట్సాప్ చెల్లదు.

ఈ మాట మా వియ్యంకుడు గారికే ముందు చెప్పాను. "వెతుకుతాను బావగారూ" అన్నారు. నెల రోజుల తర్వాత ఫోన్ చేశారు. పత్రం దొరకలేదట. కాని వెతుకుతుంటే మరొకటి దొరికిందట. "అవునూ, టన్నుకి ఇరవై ఏడు రూపాయలేనా? నిజంగానా?" అని అడిగారు.

నిజంగానే అన్నాను. దాన్ని మాత్రం పదిమందికి పంపమన్నాను.